పెంట అనడానికి నామోషీ

2025 మాఘమాసంలో, చంపాపేటలోని ఒక ఫంక్షన్ హాల్లో, మా మేనకోడలి పెళ్ళి భోజనాల దగ్గర నేనొక అబద్ధం చెప్పాను. పక్క కుర్చీలో మా వియ్యంకుడుగారు కూర్చున్నారు. ఖమ్మం నుంచి వచ్చారు. ఎదుటి బల్ల మీద జనం సగం తిని వదిలేసిన పళ్ళేలు చూసి ఆయన మనసు చివుక్కుమంది. "ఇదంతా ఎక్కడికి పోతుందంటారు బావగారూ?" అన్నారు. ఆయన బాధ అన్నం పారేయడం గురించి. నాకు మాత్రం నా గొప్ప చెప్పుకోవడానికి సందు దొరికింది. "మిగతావాళ్ళ సంగతి ఏమో గానీ, మా ఇంట్లోంచి పిడికెడు చెత్త కూడా గడప దాటదండీ. వంటింట్లో తుక్కంతా ఎరువు చేసేస్తాం. మిద్దె మీద మొక్కలకు అదే వేస్తాం" అనేశాను.

అప్పటికి మా మిద్దె మీద ఉన్నవి ఒక తులసి, రెండు మిరప మొక్కలు, రెండేళ్ళుగా పూయని ఒక మల్లె తీగ. ఎరువు అనేదాన్ని నేను సంచిలో కొనడమే తప్ప చేసింది లేదు. కార్పొరేషన్ వాళ్ళు ఇంటింటికీ ఇచ్చిన రెండు చెత్తబుట్టల్లో, తడి చెత్త కోసం ఇచ్చిన ఆకుపచ్చ బుట్టలో మా ఇంట్లో ఏళ్ళ తరబడి ఉల్లిగడ్డలు పోసుకునేవాళ్ళం. నీలం బుట్టలో మనవడి క్రికెట్ బంతులుండేవి. తడీ పొడీ కలిపి ఒకే కవర్లో కట్టి పొద్దున వచ్చే స్వచ్ఛ ఆటోలో పడేయడమే అప్పటి మా పద్ధతి.

"చాలా మంచి పని బావగారూ! వేసవి సెలవులకు వస్తాం కదా, అప్పుడు మా నిమ్మచెట్టుకు ఒక సంచెడు ఇవ్వండి" అన్నారు వియ్యంకుడుగారు, మనస్ఫూర్తిగా. మా ఆవిడ తల వంచుకుని పప్పన్నం కలుపుకుంటూనే ఉంది. నా వైపు చూడలేదు. ఆమె చూడకపోవడం ఎలాంటిదో పెళ్ళయిన మగవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

మీరు నన్ను మరీ చెడ్డవాణ్ణి అనుకోకండి. వియ్యాలవారి ముందు ఒక మెట్టు పైన నిలబడాలన్న కోరిక లేనివాళ్ళు ఎవరున్నారు? ఒకరు అల్లుడి జీతం పెంచి చెబుతారు, ఒకరు స్థలం గజాలు పెంచి చెబుతారు. నేను చెత్త తగ్గించి చెప్పాను.

మేముండేది కంచన్‌బాగ్‌లో. బాగ్ అంటే తోట. పేరులో తోట ఉన్నా, మా గల్లీలో పచ్చగా ఉన్నది గేటు ముందున్న వేపచెట్టు ఒక్కటే. మా పేట మిగతా దేశానికి తెలిసింది వేరే రకంగా. డీఎంఆర్‌ఎల్, డీఆర్‌డీఎల్, 1970లో మొదలైన బీడీఎల్, 1973లో మొదలైన మిధాని అన్నీ ఇక్కడే, గోడకు గోడ ఆనుకుని ఉన్నట్టుంటాయి. క్షిపణులూ, వాటికి కావలసిన లోహాలూ ఇక్కడ తయారవుతాయి. ఆ గేట్లలో ఒకదాంట్లో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. నా పని లోహాలు కరిగించే దగ్గర. ఏ లోహంలో ఏది ఎన్ని పాళ్ళు పడాలి, ఎంత వేడిలో ఎంతసేపు ఉండాలి అన్నది దశాంశాల్లో లెక్కపెట్టి బతికినవాణ్ణి. అలాంటివాడికి కూరగాయల తొక్కలు ఒక లెక్కా అనుకున్నాను. నా అసలు తప్పు అబద్ధం చెప్పడం కాదు, ఈ అనుకోవడమే.

మాదన్నపేట వైపు వెళ్ళి వంద లీటర్ల నీలం డ్రమ్ము ఒకటి తెచ్చాను. మూత బిగిస్తే చీమ దూరదు. "దీనికి బెజ్జాలు పెట్టించొద్దా?" అని అడిగాడు కొట్టువాడు. బెజ్జాలు పెడితే వాసన బయటికి రాదా? మూత ఎంత బిగుతుగా ఉంటే అంత శుభ్రం అనుకున్నాను. మిద్దె మీద ఈశాన్యం మూల పెట్టి మర్నాటి నుంచే నింపడం మొదలుపెట్టాను.

ఆ వారమే మా అత్తమ్మ ఫోన్ చేసింది. ఆమెది సూర్యాపేట పక్క పల్లె. ఎనభై దగ్గర పడుతోంది. కూతురు విషయం చెప్పినట్టుంది. "పెంట జేస్తున్నవంట గద బిడ్డా! మంచిదే. గాలాడనియ్యి. పచ్చిదెంత ఏస్తే అంతకు రెండింతలు ఎండాకు ఎయ్యి. లేకుంటె మురుగుతది" అంది.

నేనేమన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "అత్తమ్మా, ఇది పెంట కాదు. కంపోస్ట్" అన్నాను.

ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సరే తియ్యి" అని, మనవడి చదువు గురించి అడిగి పెట్టేసింది.

పెంట అన్న మాటకు నేనెందుకు ముడుచుకుపోయాను? మా అత్తమ్మ ఊళ్ళో అది బూతు మాట కాదు, ఆస్తి. పెంటకుప్ప ఎత్తు చూసి ఆ ఇంట్లో పశువులెన్నో, పొలమెంతో అంచనా వేసేవాళ్ళు. వానలకు ముందు ఆ కుప్పను బండ్ల మీద పొలానికి తోలడం ఇంటిల్లిపాదికీ పండగలాంటి పని. మాగిన పెంటను గత్తం అంటారు. దాన్ని చేతిలోకి తీసుకుని వాసన చూసే రైతును నేను కళ్ళారా చూశాను. నల్లమలలో చెంచులుండే గూడేలను కూడా పెంటలనే అంటారు. శ్రీశైలం దారిలో దోమలపెంట మీరూ దాటే ఉంటారు. మనుషులు నిలదొక్కుకున్న చోటుకీ, నేలకు బలమిచ్చేదానికీ ఉన్న మాటను, పట్నం వచ్చి నాలుగు అక్షరాలు నేర్చుకుని, ముక్కు మూసుకుని పలికే మాటగా మార్చుకున్నాం. అందులో నేనూ ఉన్నాను. ఇంకో సంగతి. తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు నారపల్లిలో తన ఇంటి మీద కూరగాయలు పండిస్తూ, మిద్దెతోట అనే చక్కటి తెలుగు మాటను జనంలోకి తీసుకెళ్ళారు. ఆ మాట నాకూ ఇష్టం, పదిమందిలో వాడతాను కూడా. మిద్దెతోట అనడానికి గర్వపడ్డవాణ్ణి పెంట అనడానికి నామోషీ పడ్డాను.

డ్రమ్ము నిండడం లేదు. ఇద్దరు మనుషుల ఇంట్లో తొక్కలు ఎన్ని వస్తాయి? పైగా ఇవాళ వేసింది రెండు రోజుల్లో కుంగిపోతోంది. ఇలాగైతే సంచెడు ఎరువు కాదు కదా, దోసెడు కూడా రాదనిపించింది. మార్చి రెండో తారీఖున రంజాన్ నెల మొదలైంది. మా గల్లీలో సగం ఇళ్ళు ముస్లింలవి. సాయంత్రం ఇఫ్తార్‌కు ప్రతి ఇంట్లో పండ్లు కోస్తారు. పుచ్చకాయ చెక్కులు, కర్బూజ గింజలు, బొప్పాయి తొక్కలు, అరటి తొక్కలు గంపలకొద్దీ. అవన్నీ ఇన్నేళ్ళుగా పక్కింటావిడ, గల్లీ అంతా ఖాలా అని పిలిచే ఆవిడ, పెంచే రెండు మేకలకు పోయేవి. నేను ఒక బకెట్ పట్టుకుని గల్లీ అంతా తిరిగి, "ఇక నుంచి నాకివ్వండి, ఎరువు చేస్తున్నాను" అని చెప్పి వచ్చాను. పెద్దవాణ్ణి, అడిగాను, ఇచ్చారు. నోరు లేని జీవాల ముందు నుంచి మేత లాక్కుంటున్నానన్న ఆలోచన నాకు రానేలేదు. ఖాలా ఏమీ అనలేదు. మేకలు మాత్రం నేను బకెట్‌తో పోతుంటే తాడు తెగేలా లాగుతూ అరిచేవి.

ఒక ఆదివారం ఇంట్లో బిర్యానీ మిగిలింది. ఎముకలతో సహా వేసేశాను. ఒకరోజు పులిసిన సాంబారు, ఒకరోజు విరిగిన పాలు. నిండుతోందంటే ఎరువు తయారవుతోందనే నా లెక్క. పుచ్చకాయలో నీరు తప్ప ఏముంది? దాని మీద సాంబారు. దాని మీద నూనె. దాని మీద బిగించిన మూత.

పదో రోజుకు మూత తీస్తే కళ్ళు మండాయి. కుళ్ళిన గుడ్ల వాసన. లోపల లావుపాటి పురుగులు నీళ్ళు మరుగుతున్నట్టు కదులుతున్నాయి. అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలనీ, కరవవనీ, కుళ్ళును గబగబా తినేసి మేలే చేస్తాయనీ నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం ఒక సీసా ఫినాయిల్ తెచ్చి మొత్తం ఒంపేశాను. పురుగులూ పోయాయి, ఆ తుక్కును ఎరువు చేయాల్సిన సూక్ష్మజీవులూ పోయాయి. వాసన మాత్రం పోలేదు. మిద్దె నాలుగు మూలలా అగరొత్తులు వెలిగించాను. కింద మా ఆవిడ "పైన ఏదైనా పూజ చేస్తున్నారా?" అని అడిగితే అవునన్నాను. అది రెండో అబద్ధం. రాత్రిళ్ళు ఎముకల కోసం ఎలుకలు పైపు పట్టుకుని పైకి ఎక్కడం మొదలైంది. అది కూడా ఎవరికీ చెప్పలేదు.

ఇదంతా జరుగుతున్న రోజుల్లో, ప్రతి పొద్దునా నేను చేసే పని ఇంకొకటుంది. శిశిరం కదా, వేపచెట్టు ఆకు రాలుస్తోంది. గేటు ముందు గజం మేర పసుపు పచ్చని తివాచీ పరిచినట్టుండేది. దాన్ని శుభ్రంగా ఊడ్చి, కుప్ప చేసి, అగ్గిపుల్ల గీసేవాణ్ణి. చెత్త బయట తగలబెట్టకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో చెప్పింది. పట్టుబడితే 5,000 రూపాయల జరిమానా. అది నాకు తెలుసు. అయినా ఇల్లు శుభ్రంగా కనిపించాలి. పైన డ్రమ్ములో నా తుక్కు ఎండాకు లేక కుళ్ళి చస్తుంటే, కింద గేటు దగ్గర ఆ ఎండాకునే బూడిద చేస్తూ నిలబడ్డాను. రోజూ, ఒక్క రోజు కూడా తప్పకుండా. అత్తమ్మ చెప్పిన మందు నా చీపురు కిందే ఉంది.

వియ్యంకుడుగారు వేసవి సెలవుల దాకా ఆగలేదు. మార్చి 30, ఆదివారం, ఉగాది. ఏదో పని మీద ముందురోజు నగరానికి వచ్చి, పండగ పూట కోడలి పుట్టింటికి రాకుండా ఎలా వెళ్తామని, దంపతులిద్దరూ మధ్యాహ్నం భోజనానికి దిగారు. ఆ ఏడు ఉగాది మర్నాడే రంజాన్ పండగ. గల్లీ గల్లీ అంతా కడుక్కుంటోంది. పక్కింటి ఖాలా పొద్దున్నుంచీ గోడకు సున్నం వేయించి, అరుగు రాళ్ళు రుద్ది రుద్ది కడిగించి, మేకలకు కూడా స్నానం చేయించి కట్టేసింది.

పచ్చడి తిన్నాం, బొబ్బట్లు తిన్నాం. నేను ఎరువు మాట ఎత్తకుండా రాజకీయాలు మాట్లాడాను, వానలు మాట్లాడాను, పంచాంగంలో ఆదాయ వ్యయాలు మాట్లాడాను. సాయంత్రం అయిదింటికి ఆయన కండువా సర్దుకుని లేచారు. "పదండి బావగారూ, మీ ఎరువు చూద్దాం" అన్నారు. ఇంకా తయారవలేదంటే సరిపోయేది. కొంచెం పాడైందని ఒప్పుకున్నా సరిపోయేది. నేను "రండి రండి" అంటూ ముందు నడిచాను.

మిద్దె ఎక్కాం, ఆయన ముక్కుకు కండువా అడ్డం పెట్టుకున్నారు, అది మర్యాద కోసం చెమట తుడుచుకుంటున్నట్టుగా, నేను మూత మీద చెయ్యి వేస్తే మూత ఉబ్బి ఉంది, తిప్పితే తిరగదు, పై భాగం ఇంకా మాగలేదండీ అడుగున చూడాలి అంటూ డ్రమ్మును ఒక పక్కకు వంచాను, అడుగున ముప్పావు వంతు నీళ్ళేనన్న సంగతి నాకు తట్టలేదు, బరువంతా ఒక్కసారి ఒక వైపుకు వచ్చింది, నా చెప్పు జారింది, డ్రమ్ము పడింది, పడగానే మూత తుపాకి పేలినట్టు ఎగిరిపోయింది, నల్లటి నీళ్ళు, తొక్కలు, ఎముకలు, నెలరోజుల పుచ్చకాయలు మిద్దె అంతా పరుచుకుని వాననీటి తూము దారి పట్టాయి, ఆ తూము ఎటు దిగుతుందో నాకు ఒక క్షణం ముందే గుర్తొచ్చి కాలు అడ్డం పెట్టాను, కాలు మునిగింది గానీ నీళ్ళు ఆగలేదు, కింద దబదబమని శబ్దం, మేకలు గొంతు చించుకుని అరిచాయి, తర్వాత ఖాలా గొంతు వినిపించింది.

తూము ఆమె అరుగు పక్కన దిగుతుంది. పొద్దున వేసిన సున్నం, కడిగిన రాళ్ళు, స్నానం చేసిన మేకలు. పండగకు ఒక్క రాత్రే ఉంది. గల్లీలో పిల్లలు నెలవంక కోసం మిద్దెలు ఎక్కి ఉన్నారు. చంద్రుణ్ణి వదిలేసి అందరూ నన్నే చూశారు.

ఆమె తిట్టింది. పావుగంట తిట్టింది. న్యాయంగా తిట్టింది. "భాయ్ సాబ్, మేకల తిండి కూడా మీకే ఇచ్చేశా కదా, దాన్ని ఇలా చేసి నా ఇంటి మీద పోస్తారా?" అన్న ఒక్క మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నేనూ మా ఆవిడా చీపుర్లూ బ్లీచింగ్ పౌడరూ తీసుకుని కిందికి పోయాం. వియ్యంకుడుగారు చొక్కా చేతులు మడిచి, వద్దన్నా వినకుండా బావినీళ్ళు తోడినట్టు బకెట్ల మీద బకెట్లు అందించారు. రాత్రి తొమ్మిదిన్నర దాకా కడిగాం. ఆయన అబద్ధం గురించి ఒక్క మాట అడగలేదు. అడిగితే బాగుండేదని నాకు అనిపించింది.

మర్నాడు రంజాన్. ఈ ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచి పండగ పూట ఖాలా ఇంటి నుంచి షీర్ ఖుర్మా గిన్నె రాని ఏడాది లేదు. ఆ ఏడాది రాలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఒక విషయం ఆలోచించాను. ఒక్క డ్రమ్ము నీళ్ళు, ఒక్క సాయంత్రం, ఒక్క అరుగు. దానికే గల్లీ ముక్కు మూసుకుంది. మరి నేను ఇన్నేళ్ళుగా కవర్లో కట్టి ఆటోలో వేసిన తడి చెత్త ఎటు పోయింది? నగరంలో మన చెత్త చాలావరకు ఊరికి ఆ చివర జవహర్‌నగర్ చేరుతుంది. అక్కడ ఏళ్ళ తరబడి గుట్టలుగా పడి, గాలి ఆడక, నా డ్రమ్ములో జరిగినట్టే కుళ్ళింది. అందులోంచి కారిన నల్లనీళ్ళు మల్కారం చెరువులోకి దిగి దాన్ని పాడుచేశాయి. ఖాలా నన్ను పేరు పెట్టి తిట్టగలిగింది, ఎందుకంటే నేను పక్కింటివాణ్ణి. మల్కారం దగ్గర బతికేవాళ్ళు ఎవర్ని తిట్టాలి? పిడికెడు చెత్త గడప దాటదని ఫంక్షన్ హాల్లో చెప్పినవాడి చెత్త వాళ్ళ చెరువు దాకా దాటింది. తడీ పొడీ వేరుచేసి ఇవ్వడం ప్రతి ఇంటి బాధ్యత అని 2016 ఘనవ్యర్థాల నిబంధనలు చెప్పి అప్పటికి తొమ్మిదేళ్ళు. ఆ తొమ్మిదేళ్ళూ నా ఆకుపచ్చ బుట్టలో ఉల్లిగడ్డలున్నాయి.

పొద్దున్నే అత్తమ్మకు ఫోన్ చేశాను. "అత్తమ్మా, పెంట పాడైంది" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి మొదటిసారి తేలిగ్గా వచ్చింది. నాలుగు రోజుల్లో ఆమె బస్సెక్కి వచ్చింది. వస్తూనే మిద్దె ఎక్కలేదు. గేటు ముందు ఆగి, రాలిన వేపాకును చూసింది. పక్కనే నేను తగలబెట్టిన బూడిద మచ్చను చూసింది. "గిదంత కాలవెడుతున్నవా బిడ్డా!" అంది. అంత బాధ ఆమె గొంతులో నేను ఇంకెప్పుడూ వినలేదు.

తర్వాతి వారం రోజులు నేను ఆమె దగ్గర పనివాణ్ణి. ఇనుప చువ్వ కాల్చి డ్రమ్ము చుట్టూ, అడుగునా బెజ్జాలు పెట్టాను. ముప్ఫై ఏళ్ళు కొలిమి దగ్గర నేర్చుకున్నదాంట్లో అక్కరకొచ్చింది అదొక్కటే. కింద రెండు ఇటుకలు, నీళ్ళు కారితే పట్టడానికి ఒక పళ్ళెం. అడుగున జానెడు ఎండాకు. దాని మీద తొక్కలు, అవి కూడా చిన్నగా తరిగి. దాని మీద మళ్ళీ రెండింతలు ఎండాకు. ఒక గుప్పెడు పాత మట్టి. పుల్లటి మజ్జిగ చిలకరింపు. మూడు నాలుగు రోజులకోసారి కర్రతో అడుగుదాకా కలబెట్టడం. నూనె వద్దు, పాలు వద్దు, ఎముకలు అసలే వద్దు. తడి ఎంతుండాలంటే, పిడికిట్లో పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. ఇంతే ఆమె శాస్త్రం.

నా పాత ఉద్యోగం ఊరుకోనివ్వదు కదా, ఆమె చెప్పినవన్నీ పుస్తకాల్లో వెతికాను. కంపోస్ట్‌లో కార్బన్ 25 నుంచి 30 పాళ్ళుంటే నైట్రోజన్ ఒక పాలు ఉండాలి. పచ్చి తొక్కల్లో నైట్రోజన్ ఎక్కువ, ఎండాకుల్లో కార్బన్ ఎక్కువ. ఎండాకు పడకపోతే ఆ లెక్క తప్పి అమ్మోనియా కంపు కొడుతుంది. తడి 50, 60 శాతం మధ్య ఉండాలి. గాలి ఆడితే ఒక జాతి సూక్ష్మజీవులు పనిచేసి వేడి పుట్టిస్తాయి, మట్టి వాసన వస్తుంది. గాలి ఆగితే వేరే జాతి దిగుతుంది, మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ పుడతాయి. మూత ఉబ్బింది ఇలాంటి వాయువులతోనే. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో ఇదే పనిని కావాలని, మూసిన ట్యాంకుల్లో, తార్నాక ఐఐసీటీ వాళ్ళు రూపొందించిన పద్ధతిలో చేస్తారు. రోజుకు 10 టన్నుల కూరగాయల చెత్త నుంచి 500 యూనిట్ల దాకా కరెంటు తీస్తున్నారని 2021 జనవరిలో ప్రధాని కూడా మన్ కీ బాత్‌లో చెప్పారు. అక్కడ వాయువును పట్టడానికి యంత్రాలున్నాయి. నా దగ్గర అగరొత్తులున్నాయి.

మరో సంగతి చదివి చాలాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను. కంపోస్ట్ అంటే ఇవాళ ప్రపంచమంతా తలుచుకునే ఆల్బర్ట్ హోవర్డ్, 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో ఉండి ఇండోర్ పద్ధతి అనే ఎరువు తయారీని రూపొందించాడు. యశ్వంత్ వాడ్ అనే మనవాడితో కలిసి 1931లో దాని మీద పుస్తకం రాశాడు. ఇంగ్లండ్‌లో చదువుకుని మనకు వ్యవసాయం నేర్పడానికి వచ్చినవాడు, తనకు గురువులు ఇక్కడి రైతులూ, పంటల మీది పురుగులూ అని ఒప్పుకున్నాడు. సీమ నుంచి వచ్చిన దొర పల్లెటూరి రైతు దగ్గర నేర్చుకున్నాడు. నేను ఫోన్‌లో మా అత్తమ్మ మాట వినలేకపోయాను. ఆమె ఊరికి దగ్గరి సూర్యాపేట పట్టణం 2000ల తొలినాళ్ళలోనే ఇంటింటి తడి చెత్తను వేరుచేయించి, వానపాముల ఎరువు చేసి దేశంలో పేరు తెచ్చుకుంది. అదీ నాకు తెలియకపోలేదు. తెలిసినా అది నా గురించి కాదనుకున్నాను.

కుప్పలో చెయ్యి పెడితే ఐదో రోజుకు వెచ్చగా తగిలింది. పొలంలో పెద్ద కుప్పకు పుట్టేంత వేడి చిన్న డ్రమ్ములో పుట్టదు, అయినా పసిబిడ్డ ఒళ్ళంత వెచ్చన. వేల డిగ్రీల కొలుముల ముందు నిలబడినవాణ్ణి, ఆ వెచ్చదనానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెళ్ళేముందు అత్తమ్మ ఒక మాట చెప్పింది. "ముందుగాల ఆ మేకలకు వెయ్యి బిడ్డా. అవి తిననిది దీంట్ల వెయ్యి. మా ఇంట్ల బర్రెలు కుడితి తాగంగ మిగిలిందే పెంటకుప్పకు పొయ్యేది." ఇది ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

రోజూ పొద్దున తొక్కల గిన్నె తీసుకుని ఖాలా మేకల దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాను. మొదటి నెల ఆమె నాతో మాట్లాడలేదు, గిన్నె మాత్రం ఖాళీ అయ్యేది. మే నెలలో ఒకరోజు ఆమే ఒక సంచి తెచ్చి గేటు మీద పెట్టింది. నిండా ఎండిన మేక పెంటికలు. "మీ డబ్బాలో వేసుకోండి భాయ్ సాబ్, ఈసారి మూత పెట్టకండి" అంది. అప్పుడు నవ్వింది. నేనూ నవ్వాను.

జులైలో, వానలు పడ్డాక డ్రమ్ము దించాను. నల్లగా, పొడిపొడిగా, తొలివాన పడ్డ నేల వాసన. మూడు నెలల తుక్కు, అంత వేపాకు, అన్నీ కలిసి మూడు బకెట్లయ్యాయి. ఒక బకెట్ మల్లెకూ మిరపకూ. ఒక బకెట్ ఖాలా వాళ్ళ గులాబీ కుండీలకు. మూడోది సంచిలో కుట్టి ఆర్టీసీ కార్గోలో ఖమ్మం పంపాను. పంపే ముందు వియ్యంకుడుగారికి ఫోన్ చేసి, "బావగారూ, ఆ రోజు పెళ్ళిలో నేను చెప్పింది అబద్ధం. అప్పటికి మా ఇంట్లో ఎరువు లేదు" అన్నాను. ఆయన "తెలుసండీ, ఆ రోజే తెలుసు. సంచి ఎప్పటికి చేరుతుంది?" అన్నారు.

ఇప్పటికీ మా ఇంట్లోంచి చెత్త గడప దాటుతుంది. ఎముకలు, నూనె ఓడే కూరలు, పాల కవర్లు ఆటోలోనే పోతాయి, తడి వేరుగా, పొడి వేరుగా. ఉల్లిగడ్డలకు వేరే బుట్ట కొన్నాం. నేనిప్పుడు ఎవర్ని కలిసినా మొదట ఒప్పుకునేది ఈ సంగతే.

మాఘం వెళ్ళేసరికి మీ వీధిలోనూ వేపచెట్లు, కానుగ చెట్లు ఆకు రాలుస్తాయి. మీరు తుక్కు ఎరువు చేసినా చేయకపోయినా సరే, దయచేసి ఆ ఆకుకు అగ్గి పెట్టకండి. గోనెసంచుల్లో కూరి ఒక మూల పెట్టండి. చోటు లేకపోతే కంచన్‌బాగ్‌లో మా గేటు దగ్గర దించి వెళ్ళండి. నాకు ఇంకా పన్నెండు సంచులు తక్కువ పడుతున్నాయి.